మాటకు చోటు ముందే గీయాలి

బొమ్మల కథలు వేయడం నేర్చుకుంటున్న కొందరు యువతీయువకులతో ఈమధ్య ఒక పూట గడిపినప్పుడు, వారిలో ఒక అమ్మాయి తన పేజీలు నా ముందు పరిచి, "బొమ్మలన్నీ పూర్తయ్యాక మాటల బెలూన్లు ఎక్కడ పెట్టాలండీ? ఎక్కడ పెట్టినా ఏదో ఒకటి కప్పేస్తోంది" అని అడిగింది. పేజీలు చక్కగా ఉన్నాయి. బస్టాండు, ఊరు వదిలి వెళ్తున్న కొడుకు, సంచిలో ఆవకాయ సీసా సర్దుతున్న తల్లి. ఆఖరి గడిలో తల్లి ముఖం దగ్గరగా కనిపించాలి. ఏడుపు ఆపుకుంటున్న ఆ ముఖం కోసమే పేజీ అంతా నడిచింది. కానీ కొడుకు చెప్పే రెండు వాక్యాలకు మరెక్కడా జాగా లేక, బెలూన్ ఆమె నుదుటినీ ఒక కంటినీ కప్పేసింది.

ఆ ప్రశ్నలో ఆ అమ్మాయి తప్పేమీ లేదు, మన దగ్గర పని జరిగే వరుసే అది. రచయిత స్క్రిప్టు రాస్తారు, సంపాదకులు చూస్తారు, చిత్రకారులు బొమ్మలు వేసి రంగులు నింపి పంపుతారు, చివరికి కంప్యూటర్‌లో అక్షరాలు పేర్చే డీటీపీవారు ఖాళీ కనిపించిన చోటల్లా బెలూన్ పెట్టి మాటలు నింపుతారు. "మీరు బొమ్మలు పంపించేయండి, మాటలు మావాళ్ళు పెట్టేసుకుంటారు" అని ప్రచురణకర్తలు నాతో అనేటప్పుడు నా భారం తగ్గిస్తున్నామనే అనుకుంటారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. బొమ్మల కథలో అక్షరం బొమ్మలో భాగం కాబట్టి, దానికి చోటు చూడవలసింది చిత్రకారుడే, అదీ మొట్టమొదటి రఫ్ స్కెచ్ దశలోనే. ఏ భాషలోనైనా ఇది నిజమే అయినా, మన లిపి స్వభావం వల్ల తెలుగులో దీని అవసరం మరీ ఎక్కువ.

లిపి ఎత్తు

ఇంగ్లీషు కామిక్స్‌లో సంభాషణలు సాధారణంగా అన్నీ పెద్దక్షరాల్లోనే రాస్తారు. పెద్దక్షరాలన్నింటికీ ఎత్తు ఒకటే, గీత కిందికి దిగే తోకలు దాదాపు ఉండవు. అందువల్ల వరుసలను ఒకదానికొకటి దగ్గరగా పేర్చవచ్చు, చిన్న బెలూన్‌లో ఎక్కువ మాటలు పట్టించవచ్చు. తెలుగుకు ఆ సౌకర్యం లేదు. పైన గుడి, ఏత్వం, తలకట్టు. కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద మరో వత్తు. "స్త్రీ" అనే ఒక్క అక్షరం నిలబడడానికి సకారం పైన గుడిదీర్ఘానికీ, కింద తకార రకారాల వత్తులకూ కలిపి మామూలు అక్షరానికి రెట్టింపు ఎత్తు కావాలి. "రాష్ట్రం", "లక్ష్మి", "శాస్త్రి" కూడా అలాంటివే. ఇంగ్లీషు కొలతతో వేసిన బెలూన్‌లో తెలుగు మాటలు నింపమంటే, డీటీపీ చేసే మనిషికి రెండే దారులు మిగులుతాయి: అక్షరం సైజు తగ్గించడం, వరుసల మధ్య ఎడం తగ్గించడం. తరచుగా ఆ రెండూ జరుగుతాయి.

దాని ఫలితం ఏమిటో ఒక ప్రభుత్వ పాఠశాల గ్రంథాలయంలో దగ్గర నుంచి చూశాను. మూడో తరగతి చదివే పాప ఒక అనువాద కామిక్‌ను వేలు పెట్టి చదువుతోంది. పై వరుసలో "అన్నయ్య" ఉంది, కింది వరుసలో "తిరిగి" ఉంది. పై వరుస యకారం కింద ఉన్న వత్తు జారి, కింది వరుసలోని "తి" గుడికి ఆనుకుని ఉంది. పాప వేలు "అన్నయ" దగ్గర ఆగింది. ఆ వత్తు ఎవరిదో తెలియక, దాన్ని కింది అక్షరానికి అంటగట్టి "త్యి" అని పలికి, అదేం మాటో అర్థం కాక పక్కనున్న స్నేహితురాలి వైపు చూసింది. ఆ పాపకు చదవడం బాగా వచ్చు. పాఠ్యపుస్తకంలో తడబాటు లేకుండా చదివింది. ఆ కామిక్‌లో మాటను ఆమెకు అందకుండా చేసింది, ఆ వరుసల మధ్య మిగలకుండా పోయిన సందే.

పొడుగు మాటలది మరో చిక్కు. మన భాషలో క్రియకు ప్రత్యయాలు చేరి, సంధి కలిసి, ఒక వాక్యమంతా ఒకే మాటగా మారుతుంది. "రానంటావేమోననుకున్నాను" అని స్క్రిప్టులో ఉంటే చదవడానికి హాయిగానే ఉంటుంది, కానీ సన్నని బెలూన్‌లోకి వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ దాన్ని "రానంటావేమోనను" దగ్గర విరిచి "కున్నాను"ను కిందికి నెడుతుంది. మనిషి మాట్లాడేటప్పుడు ఎక్కడా ఊపిరి తీసుకోని చోట విరుపు వచ్చిందంటే, చదివేవారి చెవిలో ఆ పాత్ర గొంతు పలకదు. సంధి విప్పి "రానంటావేమో" ఒక వరుసలోనూ "అనుకున్నాను" మరో వరుసలోనూ పెడితే, ఆ విరుపులోనే కొంత సంకోచం కూడా పలుకుతుంది. ఈ చిన్న మార్పు చేయడానికి గడి వెడల్పు తెలియాలి, పాత్ర మనసు తెలియాలి, మాటను ముట్టుకునే అనుమతి ఉండాలి. మూడూ ఒక్కరి చేతిలో ఉండేది, రచయితతో కూర్చుని రఫ్ వేసే దశలోనే. అందుకే సంభాషణల విషయంలో చివరి మాట చిత్రకారుడితో కలిసి తేల్చుకోవాలని నేను రచయితలను కోరుతుంటాను. కొందరికి అది తమ వాక్యంలో చేయి పెట్టడంలా అనిపిస్తుంది. వారి బాధ నాకు అర్థమవుతుంది, ఎందుకంటే నా గీతను ఎవరైనా అడగకుండా దిద్దితే నేనూ అంతే బాధపడతాను. కానీ సన్నని గడిలో విరిగిన వాక్యం కంటే, రచయిత ఒప్పుకుని మార్చిన వాక్యమే ఆయనకు గౌరవం తెస్తుంది.

ఎవరు ముందు మాట్లాడతారన్నది కూడా రఫ్‌లోనే తేలాలి. ఒక కుర్రాడు కిరాణా కొట్టుకు వచ్చి "బెల్లం ఉందా?" అని అడగాలి, కొట్టాయన "అయిపోయింది" అనాలి. కిందటి గడిలో కొట్టు ఎడమ వైపు ఉంది కనుక కొట్టాయనను ఎడమ వైపే గీశాం, కుర్రాడు కుడి వైపు నిలబడ్డాడు. కన్ను ఎడమ నుంచి కుడికి వెళ్తుంది కాబట్టి పాఠకుడు ముందు "అయిపోయింది" చదివి, తర్వాత ప్రశ్న చదువుతాడు. కుర్రాడి తల మీద ఎత్తుగా చోటు వదిలి ఉంటే ప్రశ్నను పైన పెట్టి, జవాబును ఒక మెట్టు కిందికి దించి సరిచేయవచ్చు. ఆ చోటులో ఇప్పటికే అటకలూ డబ్బాలూ త్రాసూ ఎంతో శ్రద్ధగా గీసేసి ఉంటే, ఏదో ఒకటి బలి కావలసిందే.

ఇతర లిపుల అనుభవం

లిపి బెలూన్ ఆకారాన్ని నిర్ణయిస్తుందనడానికి జపాన్ బొమ్మల కథలైన మాంగా మంచి ఉదాహరణ. అక్కడ సంభాషణ పై నుంచి కిందికి నిలువుగా రాస్తారు కనుక బెలూన్లు పొడుగ్గా, సన్నగా ఉంటాయి. అదే పేజీని ఇంగ్లీషులోకి మార్చినప్పుడు పొడుగు బెలూన్ మధ్యలో రెండేసి మాటల వరుసలు ఇరుకుగా నిలబడి, పైనా కిందా ఖాళీ మిగులుతుంది. మాంగా చదివే మన పిల్లలు ఈ ఖాళీకి అలవాటుపడిపోయి, తామే కథలు వేసేటప్పుడు తెలుగుకు కూడా నిలువు బెలూన్లే వేస్తున్నారు. తెలుగుకు వెడల్పు కావాలి. తక్కువ వరుసలు, వెడల్పైన బెలూన్, వరుసల మధ్య ధారాళమైన ఎడం: ఈ మూడు కుదిరితే ఆరేళ్ళ పిల్లలు కూడా తడుముకోకుండా చదువుతారు. వెడల్పు బెలూన్‌కు అనువుగా గడి కూడా వెడల్పు కావాలి. అంటే పేజీని గడులుగా విభజించే మొదటి గీతలోనే లిపి పాత్ర ఉంది.

అమెరికన్ కామిక్ పుస్తకాల్లో కంప్యూటర్ రాకముందు నడిచిన పద్ధతి కూడా ఇక్కడ చెప్పుకోదగ్గది. పెన్సిల్ బొమ్మ పూర్తి కాగానే అక్షరాలు రాసేవారు అదే అట్ట మీద మాటలు రాసి బెలూన్లు గీసేవారు, ఆ తర్వాతే ఇంకు వేసేవారికి పేజీ చేరేది. అక్షరానికి ఎంత చోటు పోయిందో తెలిశాకే బొమ్మకు తుదిరూపం వచ్చేది. విల్ ఐస్నర్ వంటివారు మరింత ముందుకు వెళ్ళి, కథ పేరునే వీధిలో భవనాలుగా, గాలికి కొట్టుకుపోతున్న కాగితాలుగా గీసి, శీర్షికతోనే కథను మొదలుపెట్టారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించిన పని మన దేశంలోనిదే. అంబేడ్కర్ జీవితాన్ని చెప్పే "భీమాయన" 2011లో వచ్చింది. దానికి బొమ్మలు వేసిన దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ మధ్యప్రదేశ్‌కు చెందిన పర్ధాన్ గోండు చిత్రకారులు. వారు పేజీని పెట్టెల్లాంటి గడులుగా కోయలేదు. మాటల బెలూన్లనైతే పూర్తిగా తమవిగా చేసుకున్నారు: మెత్తని మనసుతో వచ్చే మాటకు పక్షి ఆకారం, విషం చిమ్మే మాటకు తేలు కొండితో ఉన్న బెలూన్. నీళ్ళు అడిగిన పిల్లవాడిని కసిరే మాట తేలు కొండి మీదుగా వస్తే, ఆ మాట ఎలాంటిదో చదవకముందే ఒంటికి తెలుస్తుంది. బెలూన్‌ను చిత్రకారుల చేతికి వదిలితే ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అరుపులూ చప్పుళ్ళూ

ఇంగ్లీషులో మాటను నొక్కి చెప్పాలంటే బెలూన్‌లో దాన్ని లావుగా, ఒకపక్కకు వంచి రాస్తారు. తెలుగు అక్షరాన్ని లావు చేస్తే "ఘ", "ఝ" లాంటి వాటి కడుపులు పూడుకుపోతాయి. వంచితే ఆ గుండ్రదనం కూలిపోతున్నట్టు కనిపిస్తుంది. మనం నొక్కి చెప్పేది వేరే విధంగా. "నువ్వే చేశావు" అన్నప్పుడు ఒత్తిడి ఆ ఏత్వంలో ఉంది. "రావయ్యా", "ఒరేయ్", "బాబోయ్" అన్నప్పుడు పిలుపంతా దీర్ఘంలో ఉంది. చేత్తో రాసేవారు ఆ దీర్ఘాన్ని లాగగలరు. గట్టు మీద నిలబడిన అమ్మ "రా" అని కేకేస్తే, రకారం మీది దీర్ఘం తీగలా సాగి, గడి అంతా దాటి, అటు చివర గొడ్లు కాస్తున్న పిల్లవాడి చెవి దాకా పోవచ్చు. టైపు చేసేవారు అదే చోట "రాఆఆఆ" అని అచ్చులు పేర్చుకోవలసి వస్తుంది, అది కంటికి కేకలా కనిపించదు.

బాపు గారి కార్టూన్లు చూసినవారికి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆయన మనిషిని గీసిన కలమే మాటను కూడా గీసింది కనుక, పాత్ర ఒళ్ళు విరుచుకున్న తీరుకూ ఆ పాత్ర మాట ఒంపుకూ పోలిక కనిపిస్తుంది. ఆ చేతిరాత ఆధారంగా ఫాంట్లు వచ్చాక అవి శుభలేఖల మీదా, ఫ్లెక్సీల మీదా, పుస్తకాల అట్టల మీదా అంతటా పరుచుకున్నాయి. ఆ అక్షరాలు నాకూ ఇష్టమే. అయితే ఫాంటులో "రా" వందసార్లు కొడితే వందసార్లూ ఒకటే "రా" వస్తుంది; పిలిచే "రా", బెదిరించే "రా", బతిమాలే "రా" ఒక్క తీరుగా ఉంటాయి.

ఇక చప్పుళ్ళు. మన భాష ఈ విషయంలో చాలా సంపన్నమైనది. టపటప, గలగల, ఫెళఫెళ, చిటపట, కిర్రు, భళ్ళు, దభీ... వీటిలో చాలావరకు జంటగా వస్తాయి, ఆ జంటలోనే లయ ఉంది. "చిట" ఒక మూల, "పట" మరో మూల పెట్టి మధ్యలో మూకుడు, తాలింపు గింజలు గీస్తే కన్ను అటూ ఇటూ గెంతి ఆ చప్పుడును తానే చేసుకుంటుంది. ఇంత సంపద చేతిలో ఉండి కూడా చాలా తెలుగు బొమ్మల కథల్లో తలుపు విరిగితే ఇంగ్లీషు చప్పుడునే తెలుగు లిపిలో రాస్తున్నారు. బొమ్మ పూర్తయ్యాక చప్పుడును అతికించే పద్ధతిలో, దాని గురించి ఆలోచించే మనిషే ఎవరూ ఉండరు కదా.

అక్షరం లేని కథల మాట

నా వాదానికి ఎదురుగా నిలబడే పెద్ద ప్రశ్న మన సంప్రదాయం నుంచే వస్తుంది. అమరావతి స్తూపపు శిల్పాల్లో ఒక వృత్తఫలకం ఉంది. మదమెక్కిన నలగిరి ఏనుగు ఒక పక్క వీధిలో జనాన్ని తొక్కుతూ, అదే వలయంలో మరో పక్క బుద్ధుని ముందు మోకరిల్లి కనిపిస్తుంది. ఒకే గడిలో రెండు క్షణాలు, మధ్యలో గీత లేదు, కథ నడవడానికి అక్షరం అవసరం కాలేదు. చేర్యాల నకాషీ పటాలు చూడండి. ఎర్రని నేపథ్యం మీద వరుసగా గడులు కట్టిన పొడుగాటి గుడ్డను, కులపురాణం చెప్పే కళాకారులు కొంచెం కొంచెంగా విప్పుతూ పాడుతూ మార్కండేయ పురాణమో మడేలు పురాణమో రాత్రంతా నడిపేవారు. మాట గాయకుడి నోట్లో ఉంది, పటం మీద లేదు. మరి మనదైన బొమ్మల కథకు బెలూన్ ఎందుకు, అక్షరాన్ని ఇంతగా నెత్తిన పెట్టుకోవడం ఎందుకు అని ఒక మిత్రుడు నన్ను గట్టిగానే అడిగారు.

దీని గురించి నేను చాలా ఆలోచించాను. పటం చూసేవారికి గొంతు ఎదురుగా ఉంది. ఆ గొంతు ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో, పటంలో ఏ గడి దగ్గర కర్రతో చూపించాలో కథకుడు అక్కడికక్కడ చూసుకునేవాడు. అచ్చు పేజీ దగ్గర పాఠకుడు ఒంటరిగా ఉంటాడు. గొంతు పని చేయగలిగింది ఆ పేజీలో బెలూన్ ఒక్కటే, అందుకే దాన్ని గొంతును చూసుకున్నంత శ్రద్ధగా చూసుకోవాలంటాను. మాట లేకుండా నడిచే కథలంటే నాకు ఎంతో గౌరవం. మాట పెట్టదలచుకున్నప్పుడు మాత్రం దాన్ని మిగిలిన చోటులో ఇరికించకూడదు.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. చందమామ 1947 జూలైలో తెలుగులోనూ తమిళంలోనూ మొదలై, తర్వాత ఎన్నో భాషలకు పాకింది. చిత్రా గారూ శంకర్ గారూ వేసిన బొమ్మ ఒకటే. చుట్టూ అక్షరాలు మాత్రం భాషను బట్టి మారేవి. బొమ్మలో మాట లేకపోవడం వల్లనే అది సాధ్యమైంది. భుజాన శవంతో, చేత కత్తితో నడుస్తున్న విక్రమార్కుడు అన్ని భాషల పిల్లలకూ ఒకేలా సొంతమయ్యాడు. ఈనాడు కూడా పిల్లల పుస్తకాలు వేసే సంస్థలు ఒకే బొమ్మను పలు భాషల్లో వాడుకోగలిగితేనే ధర తగ్గించగలవు. అక్షరాన్ని చేత్తో బొమ్మలో కలిపేస్తే ఆ దారి మూసుకుపోతుంది. అంతే కాదు, చేత్తో గీసిన మాట ఫోన్లో వెతికితే తేలిగ్గా దొరకదు, చూపు లేని పాఠకులకు ఫోను దాన్ని సరిగ్గా చదివి వినిపించలేకపోవచ్చు. ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకునే హక్కు నాకు లేదు.

అందుకే నేను పూర్తి చేతిరాత దగ్గర పట్టుబట్టను. మాంగాలో నడిచే పద్ధతిని కొంత మార్చుకుని వాడుతున్నాను: అక్కడ చిత్రకారులు సంభాషణను పేజీ మీద పెన్సిల్‌తో రాసి చోటు ఖాయం చేస్తారు, అచ్చులో ఆ మాటను టైపుతో నింపుతారు, చప్పుళ్ళను మాత్రం తామే గీస్తారు. నేను రఫ్‌లోనే మాటలన్నీ నా రాతతో, అసలు సైజులో, వత్తులతో సహా రాస్తాను. వాటి చుట్టూ బెలూన్ గీసి, మిగిలిన జాగాలో మనుషులను నిలబెడతాను. తుది బొమ్మలో బెలూన్ వెనక ఉన్న గోడా చెట్టూ కూడా పూర్తిగా వేసి, బెలూన్లను కంప్యూటర్ ఫైలులో వేరే పొరగా (లేయర్‌గా) ఉంచుతాను, కన్నడానికో ఒడియాకో వెళ్ళినప్పుడు అక్కడివారు తమ లిపికి తగ్గట్టు కొత్త బెలూన్ గీసుకోవచ్చు. కేకలూ చప్పుళ్ళూ చేత్తో రాస్తాను, వాటి పాఠాన్ని వేరే ఫైలులో, ఫోను చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో కూడా ఇస్తాను.

ఇందులో పని పెరుగుతుందని దాచి ప్రయోజనం లేదు. బెలూన్ వెనక దాగే గోడకు ఎవరూ డబ్బు ఇవ్వరు. అక్షరాల పనికి ఒప్పందంలో ప్రత్యేకమైన పద్దు ఉండదు. పేజీకి ఇంత అని మాట్లాడుకునేటప్పుడు లెటరింగ్‌ను వేరే పనిగా, వేరే మొత్తంగా, వేరే పేరుతో చూపించమని నేను అడుగుతున్నాను. ఒక చిన్న ప్రచురణ సంస్థ సంతోషంగా ఒప్పుకుంది. మరో చోట, తెలుగులో అలాంటి పద్దే లేదని చెప్పారు. అది నిజమే, కాబట్టి మనమే దాన్ని మొదలుపెట్టాలి. బొమ్మలు వేయడం మొదలుపెడుతున్నవారు తమ మొదటి ఒప్పందంలోనే ఈ పద్దు అడిగితే, తర్వాత అడగడం తేలికవుతుంది.

మిగిలిన లోటు ఫాంటుది. ఈ పదిహేనేళ్ళలో యూనికోడ్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు ఎన్నో వచ్చాయి. శీర్షికలకు పనికొచ్చేవి వాటిలో అందమైనవే ఉన్నాయి. బెలూన్‌లో సంభాషణ కోసం నాకు కావలసింది వేరు: కడుపులు విశాలంగా, గీత మందం ఒకే తీరుగా, వత్తులు అక్షరం కిందికి మరీ జారకుండా పక్కకు ఒదిగి, గుడి పొట్టిగా, ఎక్కువగా వచ్చే "న", "ర", "క"లకు రెండు మూడు రూపాలతో, ఒక వరుసలో అదే అక్షరం మళ్ళీ వస్తే తనంతట తానే రూపం మారేలా ఉండాలి. ఇంగ్లీషు కామిక్ ఫాంట్లలో ఒక్కో అక్షరానికి రెండు రూపాలుంటే సరిపోతుంది. తెలుగులో గుణింతాలూ వత్తులూ కలిపితే ఆ పని ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఫాంట్ల పని తెలిసినవారు ఎవరైనా దీనికి పూనుకుంటే, ఇన్నేళ్ళుగా రఫ్‌ల మీద రాసిన నా చేతిరాత పేజీలన్నీ స్కాన్ చేసి ఇస్తాను, ఏ అక్షరం ఏ బెలూన్‌లో ఎక్కడ ఇబ్బంది పెట్టిందో పక్కన కూర్చుని చూపిస్తాను.